పదార్థం, మూలకం, సమ్మేళనం, మిశ్రమం: మా ట్యూషన్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెబుతాను. ఏటా కెమిస్ట్రీ మొదలుపెట్టగానే అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో వస్తాయి. సాయంత్రం పిల్లలు అడిగినవాటినే రాత్రికి వాళ్ల అమ్మానాన్నలు వాట్సాప్‌లో అడుగుతారు. గమనిస్తే, వీటిలో సగానికి పైగా కెమిస్ట్రీ సందేహాలు కావు, మాట సందేహాలు. ఇంట్లో, అంగట్లో, గుడిలో ఒక అర్థంలో వాడే మాటనే పుస్తకం ఇంకో అర్థంలో వాడుతుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ ఈ బాధ తప్పదు. ‘ప్యూర్’, ‘కెమికల్’ లాంటి మాటలు వాళ్లకు పుస్తకం కంటే ముందు ప్యాకెట్ల మీదే పరిచయం. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను. ఎక్కడ కావాలంటే అక్కడ తెరిచి చదువుకోండి.

## మొదటి వారం: పదార్థం దగ్గరే ఆగిపోయినవాళ్లకు

సార్, వస్తువుకీ పదార్థానికీ తేడా ఏంది?

చెంబు వస్తువు, రాగి పదార్థం. చెంబును కరిగించి పళ్లెం పోస్తే వస్తువు మారింది, పదార్థం మాత్రం అదే. ఆకారం, వాడకం వస్తువుకు సంబంధించినవి. అది దేనితో తయారైందో అది పదార్థం.

క్లాసులో నేను తాళ్లపాక వారి రాగి రేకుల సంగతి చెబుతాను. అన్నమయ్య సంకీర్తనలు చెక్కించి తిరుమల గుడిలో భాండాగారంలో దాచిన రేకులు అవి. రేకు వస్తువు, రాగి పదార్థం. మరి దానిమీదున్న పాట? పాట ఎక్కినందుకు రేకు బరువేమీ పెరగలేదు. పాటకు ద్రవ్యరాశి లేదు, అది చోటు ఆక్రమించదు. కాబట్టి పాట పదార్థం కాదు. ఈ మాట అన్నప్పుడు ఎవరో ఒకరు ‘అయితే దానికి విలువ లేదా సార్’ అంటారు. విలువ కిలోల్లో కొలిచేది కాదు కదా!

మ్యాటర్, సబ్‌స్టెన్స్, మెటీరియల్ మూడింటికీ తెలుగులో ‘పదార్థం’ అనే రాస్తున్నారు. మూడూ ఒకటేనా?

ఒకటి కావు. తెలుగులో ఒక్క మాటే మూడు పనులు చేస్తోంది, తికమకంతా అక్కడే. మ్యాటర్ అంటే ద్రవ్యరాశి ఉండి, చోటు ఆక్రమించేది ఏదైనా. సబ్‌స్టెన్స్ అంటే ఇంకేదీ కలవకుండా, ఎక్కడ చిటికెడు తీసినా ఒకే కూర్పు, ఒకే గుణాలు ఉండే పదార్థం, పుస్తకం దీన్నే శుద్ధ పదార్థం అంటుంది. మెటీరియల్ అంటే ఏదో ఒక పనికి వాడుకునేది, సిమెంటు, కలప, గుడ్డ లాంటివి.

మన శేషాచలం ఎర్రచందనం దుంగనే తీసుకోండి. అది మ్యాటర్, అనుమానం లేదు. మెటీరియల్ కూడా. సబ్‌స్టెన్స్ మాత్రం కాదు, ఎందుకంటే అందులో సెల్యులోజ్, లిగ్నిన్, ఎర్ర రంగునిచ్చే శాంటలిన్, ఇంకా చాలా కలిసి ఉన్నాయి.

ద్రవం, ద్రవ్యం, ద్రవ్యరాశి... నాకు మూడూ కలిసిపోతున్నాయి.

ద్రవం అంటే నీళ్లలా పారేది. ద్రవ్యం అంటే మ్యాటర్, గట్టిదైనా, పారేదైనా, గాలైనా. ద్రవ్యరాశి అంటే ఆ ద్రవ్యం ఎంత ఉందో చెప్పే కొలత, కిలోల్లో. ఒక్క వొత్తు తేడాతో అర్థం మారిపోతుంది, రాసేటప్పుడు జాగ్రత్త. ‘ద్రవ్యోల్బణం’లో ఉన్న ద్రవ్యం డబ్బు, దానికీ కెమిస్ట్రీకీ సంబంధం లేదు.

సంస్కృతం చదివే ఇంటి పిల్లలకు ఇంకో చిక్కు వస్తుంది. వైశేషిక దర్శనంలో పదార్థాలంటే మాటలతో చెప్పగలిగే వర్గాలన్నీ. ద్రవ్యం, గుణం, కర్మ వగైరా అన్నీ పదార్థాలే, అందులో ద్రవ్యం ఒకటి. అక్కడ కాలం, ఆత్మ కూడా ద్రవ్యాలే. కెమిస్ట్రీ పరీక్షలో కాలం ద్రవ్యం అని రాస్తే మార్కు రాదు.

గాలి కంటికి కనిపించదు, చేతికి దొరకదు. అది పదార్థమెట్లా అవుతుంది?

దానికి బరువుంది, చోటు ఆక్రమిస్తుంది. అది చాలు. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో గాలి 30 కిలోల పైచిలుకు, అంటే పెద్ద బియ్యం మూటంత. పిల్లలు దీన్ని నమ్మరు. గాలి నింపిన బంతిని, గాలి తీసేసిన అదే బంతిని సున్నితమైన త్రాసులో తూచి చూపిస్తే నమ్ముతారు.

వెలుగు, వేడి, మంట పదార్థాలేనా?

వెలుగు, వేడి శక్తి రూపాలు, పదార్థాలు కావు. మంటలో మాత్రం పదార్థం ఉంది. బాగా వేడెక్కిన వాయువులు, వెలిగే మసి రేణువులు కలిసి మనకు మంటలా కనిపిస్తాయి. ఈ ప్రశ్న తప్పు రాశామని సిగ్గుపడక్కర్లేదు. 1789లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ 33 మూల పదార్థాల పట్టిక వేసినప్పుడు అందులో వెలుగునూ వేడినీ చేర్చాడు.

మామిడికాయలకు కెమికల్ కొట్టారంటారు. మీరేమో నీళ్లు కూడా కెమికలే అంటారు?

రెండూ నిజమే, అర్థాలు వేరు. కెమిస్ట్రీలో రసాయనం అంటే నిర్దిష్టమైన కూర్పు ఉన్న పదార్థం. ఆ లెక్కన నీళ్లు, చక్కెర, ఉప్పు అన్నీ రసాయనాలే. బజారులో కెమికల్ అంటే ‘కలపకూడనిది కలిపారు’ అని.

దామలచెరువు మామిడి మండీ వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇది ఇంటి విషయం. కాయలు మాగబెట్టడానికి క్యాల్షియం కార్బైడ్ వాడటం మన దేశంలో నిషేధం. తడి తగిలితే అది అసిటిలీన్ వాయువు వదులుతుంది, దానితోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మాలిన్యాలూ వస్తాయి. దాని బదులు ఎథిలీన్ వాయువును పరిమితిలో వాడుకోవచ్చు. ఎథిలీనూ రసాయనమే. కానీ పక్వానికి వచ్చిన కాయ తనంతట తాను తయారుచేసుకునేదీ అదే. కాబట్టి ‘కెమికలా కాదా’ అని కాక ‘ఏ కెమికల్, ఎంత’ అని అడగాలి.

## రెండో దశ: శుద్ధమా, మిశ్రమమా

ప్యాకెట్ మీద ప్యూర్ అని ఉంది కదా, పాలు శుద్ధ పదార్థం కాదంటారేంటి?

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఇదే తప్పు రాసి మార్కు పోగొట్టుకున్నాను. ఇంటికెళ్లి ‘పాలు శుద్ధం కాదంట’ అంటే మా అమ్మ అది పాలాయన మీద నింద అనుకుంది, మర్నాడు పొద్దున ఆయన్ని గట్టిగానే నిలదీసింది.

ఇంట్లో శుద్ధం అంటే కల్తీ లేనిది. కెమిస్ట్రీలో శుద్ధం అంటే ఒకే పదార్థం ఉన్నది, అంటే ఒక మూలకమో ఒక సమ్మేళనమో మాత్రమే. మన కళ్లముందు పితికిన పాలల్లో కూడా సుమారు 87 శాతం నీళ్లే. మిగతాది కొవ్వు, ప్రోటీన్లు, లాక్టోజ్ అనే చక్కెర, లవణాలు. కల్తీ లేని మిశ్రమం అది. నెయ్యి, తేనె కూడా అంతే.

పంచభూతాలు మూలకాలు కావా సార్? శ్రీకాళహస్తిలో వాయులింగం ఉంది కదా.

మూలకం అంటే రసాయన చర్యలతో ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టలేనిది. ఇప్పటికి 118 తెలుసు. ఆ కొలతతో చూస్తే నేల ఎన్నో ఖనిజాల మిశ్రమం. నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన సమ్మేళనం. గాలి 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, మిగతా కొద్దిపాటి ఆర్గాన్ వగైరా కలిసిన మిశ్రమం. మంటలో వేడి వాయువులున్నా, అగ్ని అనేది ఒక పదార్థం కాదు, జరుగుతున్న చర్య. ఆకాశం ఖాళీ. ఐదింటిలో ఒక్కటీ మూలకం కాదు.

అంతమాత్రాన పెద్దవాళ్లకు తెలియదని కాదు, వాళ్లు వేసిన ప్రశ్న వేరు. లింగం ముందు దీపం రెపరెపలాడటాన్ని చూసి గాలికి దణ్ణం పెట్టే మనిషి దాన్ని విడగొట్టాలనుకోవడం లేదు.

సమ్మేళనం అంటే మీటింగ్ కదా?

పూర్వ విద్యార్థుల సమ్మేళనం బ్యానర్లు చూసి అడిగే ప్రశ్న. నిజానికి ఆ సమ్మేళనం కెమిస్ట్రీలో మిశ్రమం. వచ్చినవాళ్లు ఎవరి గుణాలు వాళ్లవే పెట్టుకుని, భోజనాలయ్యాక ఎవరి దారిన వాళ్లు పోతారు. కెమిస్ట్రీ సమ్మేళనంలో మూలకాలు స్థిరమైన నిష్పత్తిలో బంధాలతో కలిసి కొత్త పదార్థం అవుతాయి, పాత గుణాలు మిగలవు. 9 గ్రాముల నీళ్లు ఎక్కడివైనా, పాపవినాశనం నీళ్లను స్వేదనం చేసినా (మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టినా), గంగ నీళ్లను చేసినా, 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటాయి.

హైడ్రోజన్ మండుతుంది, ఆక్సిజన్ మండిస్తుంది. రెండూ కలిసిన నీళ్లు మంటనెట్లా ఆర్పుతాయి?

నీళ్లు ఆ రెండింటి కలగలుపు కాదు కాబట్టి. హైడ్రోజన్ ఒకసారి మండి నీరైపోయింది. కాలిన బూడిద మళ్లీ మండదు కదా, నీళ్లు ఒకరకంగా హైడ్రోజన్ బూడిద అనుకోండి. ఆ రెండు వాయువులూ విడివిడిగా ఒకే సీసాలో ఉంటే మాత్రం నిప్పురవ్వకు పేలిపోతాయి.

లడ్డు ఏ రకం మిశ్రమం?

విజాతీయ మిశ్రమం. తిరుమల లడ్డు ఒకటి చేతిలో విరిచి చూడండి. బూందీ ఒకచోట, జీడిపప్పు ఒకచోట, ఎండుద్రాక్ష ఒకచోట, పంటికింద కలకండ పలుకు ఇంకోచోట. ఏ రెండు ముక్కల్లోనూ ఒకే కూర్పు ఉండదు. అందుకే ఒకరికి జీడిపప్పు ఎక్కువొచ్చిందని ఇంట్లో గొడవలు.

అందులో పోసిన చక్కెర పాకాన్ని మాత్రం విడిగా చూస్తే అది సజాతీయం, ఏ బొట్టు తీసినా ఒకటే. కలకండ, చక్కెర వేరనుకుంటారు. రెండూ సుక్రోజ్ అనే ఒకే సమ్మేళనం, స్ఫటికం సైజే తేడా. ఒక్క లడ్డులో విజాతీయ మిశ్రమం, సజాతీయ మిశ్రమం, సమ్మేళనం మూడూ దొరుకుతాయి. ఈ పాఠం చెప్పిన రోజు నా డబ్బా ఖాళీ అయిపోతుంది.

ద్రావణం, ద్రావణి, ద్రావితం ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?

శ్రీరామనవమి పానకం గుర్తుపెట్టుకోండి. కరిగిన బెల్లం ద్రావితం, కరిగించుకున్న నీళ్లు ద్రావణి, గ్లాసులోని పానకం ద్రావణం. (మిరియాల పొడి అడుగున దిగుతుంది, అది కరగలేదు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.)

22 క్యారెట్ బంగారం మూలకమా, కాదా?

కాదు. బంగారం మూలకం, నగ మిశ్రమ లోహం. 24 భాగాల్లో 22 బంగారం, అంటే 91.6 శాతం. నగ మీద 916 అని వేసేది అందుకే. మిగతాది ఎక్కువగా రాగి, వెండి. మేలిమి బంగారం మెత్తన, గాజు చేస్తే వంగిపోతుంది. ఇత్తడి రాగి, జింక్ కలిసినది. కంచు రాగి, తగరం కలిసినది. వీటిని సమ్మేళనాలనకూడదు, ఎందుకంటే పాళ్లు అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు. కంటికి ఎక్కడ చూసినా ఒకేలా ఉండే మిశ్రమాలు కాబట్టి వీటిని ఘన ద్రావణాలని కూడా అంటారు.

మా నాన్న గ్రానైట్ ఫ్యాక్టరీలో చేస్తారు. గ్రానైట్ ఏ పదార్థం?

గ్రానైట్ ఒక శిల, అంటే ఖనిజాల మిశ్రమం. పాలిష్ పట్టిన పలకను తడిపి ఎండలో దగ్గరగా చూడండి. గాజులా కనిపించేది క్వార్ట్జ్, గులాబీ లేదా తెల్లగా ఉన్నది ఫెల్డ్‌స్పార్, తళుక్కుమనే రేకులు మైకా. క్వార్ట్జ్ మాత్రం సిలికాన్ డయాక్సైడ్ అనే ఒకే సమ్మేళనం. షాపుల్లో నల్ల గ్రానైట్ అని అమ్మేది భూగర్భ శాస్త్రం లెక్కలో గ్రానైట్ కాదు. డోలరైట్, గాబ్రో లాంటి వేరే శిలలు అవి. నాన్నగారిని అడగండి, కోసేటప్పుడు బ్లేడుకు తేడా ఆయనకే బాగా తెలుసు.

పాలు అంతా ఒకేలా ఉన్నాయి కదా, సజాతీయ మిశ్రమం అనొచ్చా?

అనకూడదు. సూక్ష్మదర్శినిలో చూస్తే నీళ్లల్లో తేలే కొవ్వు బొట్లు కనిపిస్తాయి. ఇలాంటివాటిని కొల్లాయిడ్లంటారు, తెలుగు పుస్తకాల్లో కాంజికాభాలు. కణాలు అడుగుకు దిగిపోయేంత పెద్దవి కావు, కరిగిపోయేంత చిన్నవీ కావు. వాటి మీద వెలుగు పడితే దారి కనిపిస్తుంది, అదే టిండాల్ ప్రభావం. పొద్దున్నే ఘాట్ రోడ్డు మంచులో బస్సు లైట్ల దారి కనిపించేది ఇందుకే.

## మూడో దశ: ప్రయోగాలు, మార్పులు

డబ్బాలో కర్పూరం దానంతటదే తగ్గిపోతుంది. హారతిలోనూ మాయమైపోతుంది. రెండూ ఒకటే మార్పా?

రెండూ మాయమే, మార్పులు మాత్రం పూర్తిగా వేరు. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో కర్పూరం ద్రవంగా మారకుండానే నేరుగా ఆవిరైపోతుంది. దాన్ని ఉత్పతనం అంటారు, భౌతిక మార్పు. గదంతా వాసన వస్తోందంటే కర్పూరం అణువులు గదిలో తిరుగుతున్నాయన్నమాట, కర్పూరంగానే.

నమ్మకం కుదరకపోతే ఒక గిన్నెలో నాలుగు బిళ్లలు వేసి, పైన చల్లని గాజు గరాటు బోర్లించి, సన్నని సెగ మీద మెల్లగా వేడి చేయండి. గరాటు లోపలి గోడల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. గీకి వాసన చూస్తే కర్పూరమే. మంట తగలనివ్వకండి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. నేనొకసారి సెగ ఎక్కువ పెట్టి గరాటు పగలగొట్టుకున్నాను.

హారతిలో జరిగేది రసాయన మార్పు. కర్పూరం ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అవుతుంది. పూర్తిగా మండని కార్బన్ హారతి పళ్లెం మీద మసిగా మిగులుతుంది. ఆ మసిని ఏం చేసినా మళ్లీ కర్పూరం కాదు. పరీక్షలో ‘కర్పూరం మాయమైంది’ అని రాసి వదిలేయకండి, ఎట్లా మాయమైందో రాయండి.

రెండు పదార్థాలు కలిపితే మిశ్రమమే వచ్చిందా, కొత్త పదార్థం వచ్చిందా, ఎట్లా చెప్పేది?

కొత్త రంగు, కొత్త వాసన, వాయువు, అవక్షేపం (ద్రవంలో కొత్తగా పుట్టి అడుగున దిగే గట్టి పదార్థం), వేడి లాంటి గుర్తులు చూడాలి. మామూలు పద్ధతులతో మళ్లీ విడదీయలేకపోవడం ఇంకో గుర్తు. శ్రీకాళహస్తి కలంకారి పనివాళ్ల దగ్గర ఇది కళ్లారా చూడొచ్చు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి నానబెడతారు. గుడ్డను ముందే కరక్కాయ, పాలల్లో తడిపి ఆరబెట్టి ఉంచుతారు. ఇనుప నీళ్లలో ముంచిన కలం ఆ గుడ్డకు తగలగానే గీత నల్లబడుతుంది. ఆ నలుపు కలంలోని నీళ్లలో లేదు, గుడ్డలోనూ లేదు. ఇనుము, కరక్కాయలోని టానిన్ కలిసి పుట్టిన కొత్త సమ్మేళనం అది. ఉతికినా పోదు.

నీళ్లు ఎక్కడైనా 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయా?

సముద్రమట్టం దగ్గర అయితేనే. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. శుద్ధ పదార్థానికి మరుగు స్థానం స్థిరం అని పుస్తకం అన్నప్పుడు ‘అదే పీడనం వద్ద’ అని కలుపుకుని చదవండి.

గ్యాస్ సిలిండర్ ఊపితే లోపల నీళ్ల చప్పుడు వస్తుంది. నీళ్లు కలిపారా?

లేదు. అది ద్రవంగా మార్చిన గ్యాసే. ప్రొపేన్, బ్యూటేన్ ఎక్కువగా ఉండే మిశ్రమాన్ని ఒత్తిడితో ద్రవంగా చేసి నింపుతారు. బయటికి రాగానే వాయువవుతుంది. పదార్థం అదే, స్థితి వేరు.

మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు శుద్ధ పదార్థమేనా?

పేరులో మినరల్ ఉన్నా, ఆర్‌ఓ యంత్రం చేసే పని నీళ్లలోంచి లవణాలు తీసేయడమే. అయినా కొన్ని మిగులుతాయి కాబట్టి అది పలుచని ద్రావణమే. కెమిస్ట్రీ అర్థంలో శుద్ధమైన నీళ్లకు దగ్గరగా ఉండేవి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్.

## ఇంటర్‌లోకి వెళ్లే ముందు

అణువు, పరమాణువు... అణుబాంబు అంటే మాలిక్యూల్ బాంబా?

మంచి ప్రశ్న, తప్పు పేరుది. పేపర్లలో అణుబాంబు, అణుశక్తి అన్నప్పుడు అణువు అంటే ఆటమ్. సైన్స్ పుస్తకంలో ఆటమ్ పరమాణువు, మాలిక్యూల్ అణువు. రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిస్తే మనం పీల్చే ఆక్సిజన్ అణువు, మూడు కలిస్తే ఓజోన్ అణువు. రెండింటిలోనూ మూలకం ఒకటే.

ఉప్పుకు అణువు ఉండదంటున్నారు, నిజమా?

నిజమే. ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుత్ ఆవేశం ఉన్న కణాలు) ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చి ఉంటాయి. ‘ఇదిగో ఈ జంట ఒక అణువు’ అని వేలు పెట్టి చూపలేం. అందుకే ఫార్ములా యూనిట్ అంటారు. వంటింట్లో అయోడైజ్డ్ ఉప్పులో కొద్దిగా పొటాషియం అయోడేట్ కూడా ఉంటుంది కాబట్టి అది మిశ్రమం.

ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే మందులు కొట్టని పంటల గురించా?

కాదు. తెలుగులో రెండింటికీ వేరే పేర్లున్నాయి. ఆ వ్యవసాయం సేంద్రియం, ఈ కెమిస్ట్రీ కర్బన రసాయన శాస్త్రం. పొలంలో వాడే పురుగుమందుల్లో చాలావరకు కర్బన సమ్మేళనాలే.

లోహాలన్నీ గది ఉష్ణోగ్రత దగ్గర ఘనపదార్థాలేనా?

పాదరసం కాదు, అందరికీ తెలుసు. గాలియం దగ్గర మన ఊరి పిల్లలు ఇరుక్కుంటారు. అది కరిగేది 29.8 డిగ్రీల దగ్గర. జనవరి తెల్లవారుజామున తిరుపతిలో గట్టిగా ఉంటుంది, మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద పెట్టినా సీసాలో నీళ్లలా ఊగుతుంది. పరీక్షలో మాత్రం ఘనం అనే రాయండి. ప్రశ్నపత్రంలో గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలు, మన గది కాదు.